ఏళ్ల తరబడి జబ్బు, ఏడాది గ్రాంటు

2016 ఆగస్టు 15 మధ్యాహ్నం అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం హంటింగ్టన్ పట్టణంలో అంబులెన్సులకు ఒకదాని వెంట ఒకటిగా పిలుపులు వచ్చాయి. దాదాపు నాలుగు గంటల వ్యవధిలో 26 మంది మత్తుమందు మోతాదు మించి కుప్పకూలారు. ఊరి జనాభా యాభై వేలకు లోపే. నలోక్సోన్ అనే విరుగుడు ఇచ్చి వారిలో చాలామందిని బతికించారు. నలోక్సోన్ ఆగిపోతున్న శ్వాసను తిరిగి తెస్తుంది. అంతవరకే దాని పని, వ్యసనం మాత్రం అలాగే ఉంటుంది. ఆసుపత్రి నుంచి బయటికి నడిచిన మనిషికి ఆ రాత్రే మళ్లీ ఒళ్లు నొప్పులు, వాంతులు, వణుకు మొదలవుతాయి. వాటిని ఆపే మందు వీధి మలుపులోనే దొరుకుతుంది.

మరుసటి ఏడాది ఆ పట్టణం ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేసుకుంది. ఓవర్‌డోస్ నుంచి బయటపడిన వ్యక్తి ఇంటికి మూడు రోజుల్లోపే ఒక పారామెడిక్, ఒక చికిత్స సలహాదారు, ఒక పోలీసు అధికారి కలిసి వెళతారు. అరెస్టు చేయడానికి కాదని ముందే చెబుతారు. చికిత్సకు వస్తారా అని అడుగుతారు. వద్దంటే ఫోన్ నంబరు ఇచ్చి, మరోసారి వస్తామని చెప్పి వెళతారు. ఈ పనికి పెద్ద భవనాలు అక్కర్లేదు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కావలసినవి ముగ్గురు నలుగురి జీతాలు, ఒక వాహనం, ఫోను చేస్తే చేర్చుకునే చికిత్స కేంద్రం. ఆ బృందం ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) గ్రాంట్లతో మొదలైంది. ప్రతి గ్రాంటు కాగితం మీదా ముగింపు తేదీ ఒకటి ఉంటుంది.

అమెరికాలో మత్తుమందుల మరణాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎన్ని కోట్ల డాలర్లు కేటాయించారన్నదే పతాక శీర్షిక అవుతుంది. ఆ డబ్బు ఎంతకాలం వస్తుంది, ఏ పేరు మీద వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది అన్న ప్రశ్నలకు లోపలి పేజీల్లోనూ చోటు తక్కువే. మనిషి బతుకుతాడా లేదా అన్నది ఎక్కువగా తేలేది ఆ మూడు ప్రశ్నల దగ్గరే.

ముందు సమస్య పరిమాణం చూడాలి. 1999 నుంచి ఇప్పటివరకు ఆ దేశంలో ఓవర్‌డోస్ వల్ల పది లక్షల మందికి పైగా చనిపోయారు. 2015లో 52 వేలు దాటిన మరణాలు 2017కల్లా 70 వేలు మించాయి. కొవిడ్ ఏడాది 2020లో 91,799కి, 2022లో 1,07,941కి చేరాయి. మూలం 1990లలో ఉంది. 1996లో పర్డ్యూ ఫార్మా సంస్థ ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రను మార్కెట్లోకి తెచ్చి, అది వ్యసనంగా మారే ప్రమాదం తక్కువని వైద్యులను నమ్మించింది. ఆ తప్పుడు ప్రచారానికి 2007లో ఒకసారి, 2020లో మరోసారి కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోగా వెస్ట్ వర్జీనియాలో నాలుగు వందల జనాభా ఉన్న కెర్మిట్ అనే ఊళ్లోని ఒకే మందుల దుకాణానికి రెండేళ్లలో దాదాపు 90 లక్షల మాత్రలు చేరాయి. మాత్రల మీద కట్టడి వచ్చాక వాటికి అలవాటు పడినవారిలో కొందరు 2010 ప్రాంతంలో హెరాయిన్‌కు మళ్లారు. 2013 నుంచి ఆ హెరాయిన్ స్థానాన్ని ఫెంటనిల్ ఆక్రమించింది. మార్ఫిన్ కన్నా వంద రెట్లు దాకా బలమైన ఈ రసాయనం మరణాల లెక్కనే మార్చేసింది.

అంటే ఇరవై ఏళ్లలో జబ్బు మూడు రూపాలు దాల్చింది. దాన్ని ఎదుర్కోవలసిన నిధులు మాత్రం ప్రతిసారీ గడిచిపోయిన రూపానికి సరిపడేలా వచ్చాయి.

ఖర్చు కాని డబ్బు

రాష్ట్రాలకు వ్యసన చికిత్స కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పాత సాయం బ్లాక్ గ్రాంటు. 1990ల నుంచి ఏటా వస్తున్న ఈ సొమ్ము ఇప్పుడు ఏడాదికి దాదాపు 200 కోట్ల డాలర్లు. మద్యం సహా అన్ని రకాల వ్యసనాలకూ వాడుకోవచ్చు. కనీసం ఐదో వంతు నివారణకు ఖర్చు చేయాలి. నమ్మకంగా వస్తుంది గానీ యాభై రాష్ట్రాలకూ పంచితే పలచబడిపోతుంది.

ఫెంటనిల్ ఉప్పెన ముంచుకొచ్చాక ఈ సాయం చాలదని తేలింది. 2016 డిసెంబరులో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన 21వ శతాబ్దపు చికిత్సల చట్టం ఏడాదికి 50 కోట్ల డాలర్ల చొప్పున రెండేళ్లపాటు రాష్ట్రాలకు ఓపియాయిడ్ (ఆక్సీకాంటిన్, హెరాయిన్, ఫెంటనిల్ వంటి నల్లమందు తరహా మందులు) గ్రాంట్లు ఇచ్చింది. 2017 అక్టోబరులో ట్రంప్ ప్రభుత్వం దీన్ని ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. 2018లో స్టేట్ ఓపియాయిడ్ రెస్పాన్స్ పేరుతో మరో పెద్ద గ్రాంటు మొదలై, కొద్దికాలంలోనే ఏడాదికి 150 కోట్ల డాలర్ల స్థాయికి చేరింది. మరణాల రేటు అత్యధికంగా ఉన్న రాష్ట్రాలకు ఇందులో 15 శాతం అదనంగా పక్కన పెట్టారు. ఆదివాసీ తెగలకు వేరుగా కొంత కేటాయించారు. దేశంలో ఓవర్‌డోస్ మరణాల రేటు అత్యధికంగా ఉన్నది వారిలోనే కాబట్టి ఆ కేటాయింపు సబబే. కాకపోతే అవసరంతో పోల్చితే అది చిన్నది.

ఈ డబ్బు మంచి పనులు చేసింది. కాలిఫోర్నియా 2018లో మొదలుపెట్టిన నలోక్సోన్ పంపిణీ పథకం ఈ గ్రాంట్లతోనే విస్తరించింది. చికిత్సకు మందులు వాడాలన్న షరతు పెట్టడం కూడా సరైన నిర్ణయం. మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ అనే రెండు మందులు ఓపియాయిడ్ వ్యసనంలో ఉన్నవారి మరణ ముప్పును దాదాపు సగానికి తగ్గిస్తాయి. ఒక మత్తు బదులు మరో మత్తు ఇస్తున్నారన్న అపోహ ఈ మందులను చాలా కేంద్రాల గడప దాటనివ్వలేదు. సొమ్ము ఇచ్చేవాడు షరతు పెట్టడంతో ఆ గడప కొంతైనా దిగింది.

అయితే మొదటి విడత రెండేళ్ల గ్రాంటు గడువు ముగిసేసరికి దాదాపు మూడో వంతు డబ్బు ఖర్చు కాకుండా మిగిలిపోయిందని ఫెడరల్ ఆరోగ్య శాఖ తనిఖీ విభాగం 2020లో లెక్క తేల్చింది. రోజుకు వంద మందికి పైగా చనిపోతున్న దేశంలో, చావులను ఆపడానికి ఇచ్చిన డబ్బు ఖాతాల్లో ఉండిపోయింది. అధికారుల అలసత్వం అని తీసిపారేయడం తేలిక. అసలు కారణాలు అంత తేలిక కావు.

గ్రాంటు మంజూరు ఉత్తర్వు రాష్ట్ర రాజధానికి చేరుతుంది. చాలా రాష్ట్రాల్లో ఆ సొమ్మును ఖర్చు చేయడానికి శాసనసభ ఆమోదం కావాలి. తరువాత టెండర్లు. ఆపైన స్థానిక చికిత్స కేంద్రంతో ఒప్పందం. ఒప్పందం కుదిరేసరికి ఏడాదిలో సగం గడిచిపోతుంది. అప్పుడు ఆ కేంద్రం ఒక నర్సును, ఒక సలహాదారును, మందు రాసే వైద్యుణ్ని వెతకాలి. పల్లె కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వైద్యులే తక్కువ. దొరికిన నర్సు అడిగే మొదటి ప్రశ్న, ఈ ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుంది అని. వచ్చే సెప్టెంబరు దాకా ఖాయం, ఆ తరువాత చూడాలి అని జవాబు వస్తే ఆమె పక్క ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. పిల్లల చదువులు, ఇంటి అప్పు ఉన్న ఎవరైనా అదే చేస్తారు. కాబట్టి కేంద్రాలు తక్కువ కాలంలో ఖర్చు చేయగలిగిన వాటి వైపు మొగ్గుతాయి: శిక్షణ తరగతులు, ప్రచార పత్రాలు, సమావేశాలు. వీటిలో తప్పేమీ లేదు. కానీ వ్యసనంలో ఉన్న వ్యక్తికి రెండేళ్లపాటు నెలనెలా కనిపించవలసిన ముఖం వీటిలో లేదు.

పేరు తెచ్చే ఇబ్బంది ఇంకొకటి. గ్రాంటు ఓపియాయిడ్ల పేరుతో వచ్చింది కాబట్టి మొదట్లో ఓపియాయిడ్లకే వాడాలి. ఈలోగా పడమటి రాష్ట్రాల్లో మెథాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తుమందు విజృంభించింది. ఒకే మనిషి ఉదయం మెథాంఫెటమిన్, రాత్రి ఫెంటనిల్ వాడడం మామూలైంది. చికిత్స కేంద్రానికి వచ్చిన మనిషిని నీ జబ్బులో గ్రాంటుకు సరిపోయే భాగం ఏది అని అడగవలసిన పరిస్థితి సిబ్బందికి ఎదురైంది. 2020 నుంచి ఈ గ్రాంటును కొకైన్, మెథాంఫెటమిన్ వంటి ఉత్తేజకాలకు కూడా వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు.

అనుమతి వచ్చినా చిక్కు తీరలేదు. మెథాంఫెటమిన్ వ్యసనానికి ఆమోదం పొందిన మందు లేదు. పరిశోధనల్లో అన్నిటికన్నా బాగా పనిచేసిన పద్ధతి, పరీక్షలో మత్తుమందు కనబడని ప్రతిసారీ చిన్న బహుమతి కూపను ఇవ్వడం. వినడానికి వింతగా ఉంటుంది, కానీ దశాబ్దాల అధ్యయనాలు దీన్ని సమర్థిస్తున్నాయి. ఎప్పుడో దక్కబోయే ఆరోగ్యం కన్నా ఈ రోజు చేతిలో పడే చిన్న ఫలితం వ్యసనంలో చిక్కిన మెదడును త్వరగా పట్టుకుంటుంది. బహుమతి మరీ చిన్నదైతే పద్ధతే పనిచేయదు. ఫెడరల్ గ్రాంటు నిబంధన మాత్రం ఒక రోగికి ఏడాదికి 75 డాలర్లు మించకూడదని చాలాకాలం పట్టుబట్టింది. మోసాలు జరుగుతాయన్న భయం ఈ పరిమితి వెనుక ఉంది. వారానికి రెండుసార్లు పరీక్ష చేసే పథకంలో 75 డాలర్లు ఎన్ని వారాలకు వస్తాయి? ఫలితాలు నిరూపించిన మోతాదులో పదో వంతు ఇచ్చి, పద్ధతి పనిచేయలేదని రాసుకున్న కేంద్రాలు ఉన్నా ఆశ్చర్యం లేదు. కాలిఫోర్నియా 2023లో పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ ద్వారా ఏడాదికి 599 డాలర్ల దాకా ఇచ్చే పథకం ప్రారంభించింది. ఈ దారిన నడిచిన మొదటి రాష్ట్రం అదే. ఫెడరల్ గ్రాంటు పరిమితిని 2025 జనవరిలో 750 డాలర్లకు పెంచారు.

నెలనెలా వచ్చే చెల్లింపు

గ్రాంట్ల గురించి ఇంత చెప్పినా, అమెరికాలో ఓపియాయిడ్ వ్యసన చికిత్సకు అందరికన్నా ఎక్కువ చెల్లిస్తున్నది గ్రాంట్లు కావు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే ఆరోగ్య బీమా మెడికెయిడ్. ఓపియాయిడ్ వ్యసనం ఉన్న 65 ఏళ్లలోపు పెద్దవారిలో పది మందిలో దాదాపు నలుగురికి ఇదే ఆధారం. 2014లో మెడికెయిడ్‌ను విస్తరించినప్పుడు పిల్లలు లేని పేద యువకులకు చాలా రాష్ట్రాల్లో మొదటిసారి బీమా దక్కింది. ఫెంటనిల్‌కు ఎక్కువగా బలవుతున్న వయసు వారిదే. విస్తరణ కింద చేరినవారి ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది. ఇప్పటికి 40 రాష్ట్రాలు ఇందులో చేరాయి.

మెడికెయిడ్ బలం దాని నిలకడలో ఉంది. రోగి వచ్చినంతకాలం బిల్లు చెల్లిస్తుంది. చెల్లింపు ఖాయమని తెలిస్తే వైద్యుడు గది అద్దెకు తీసుకుంటాడు, నర్సును పెట్టుకుంటాడు. దీన్ని అందరికన్నా ముందు గ్రహించిన రాష్ట్రం వెర్మాంట్. ఆరున్నర లక్షల జనాభా ఉన్న ఆ చిన్న రాష్ట్రం 2014లో దేశమంతా తనవైపు చూసేలా చేసింది. గవర్నర్ పీటర్ షమ్లిన్ ఆ ఏడాది శాసనసభలో చేసిన వార్షిక ప్రసంగం మొత్తాన్ని హెరాయిన్, ఓపియాయిడ్ల సంక్షోభానికే కేటాయించారు. అప్పటికే ఆ రాష్ట్రంలో ఒక పద్ధతి రూపుదిద్దుకుంటోంది. బండి చక్రం దానికి పోలిక. నడుమ కుండ, దాని చుట్టూ ఆకులు. కుండలు మెథడోన్ ఇచ్చే పెద్ద ప్రాంతీయ కేంద్రాలు, జబ్బు తీవ్రంగా ఉన్నవారు అక్కడ మొదలవుతారు. నిలకడ వచ్చాక తమ ఊరి మామూలు వైద్యుడి దగ్గరే బ్యూప్రినార్ఫిన్ తీసుకుంటారు, ఆ వైద్యశాలలే ఆకులు. పరిస్థితి దిగజారితే తిరిగి కేంద్రానికి వస్తారు.

ఈ బొమ్మ గీయడం ఎవరైనా చేస్తారు. వెర్మాంట్ గొప్పతనం దానికి డబ్బు కూర్చిన తీరులో ఉంది. ఊరి వైద్యులు వ్యసన రోగులను చేర్చుకోకపోవడానికి కారణం సమయం, సాయం లేకపోవడమని గుర్తించి, ప్రతి వంద మంది మెడికెయిడ్ రోగులకు ఒక నర్సును, ఒక సలహాదారును వైద్యశాలల్లో నియమించింది. వారి జీతాలు మెడికెయిడ్ నుంచే వస్తాయి. దీర్ఘకాలిక జబ్బులున్నవారి కోసం ఒబామా ఆరోగ్య చట్టంలో ఉన్న ఒక సెక్షన్‌ను వాడుకుని మొదటి రెండేళ్లపాటు ఫెడరల్ వాటాను 90 శాతానికి పెంచుకుంది. ఆ రెండేళ్లూ గడిచేసరికి వ్యవస్థ నిలబడింది. చికిత్స కోసం నెలల తరబడి వేచి ఉన్న జాబితాలు క్రమంగా కరిగిపోయాయి. ఫెంటనిల్, కొవిడ్ ఒకేసారి విరుచుకుపడినప్పుడు వెర్మాంట్‌లోనూ మరణాలు పెరిగిన మాట నిజం. అయినా చికిత్స కోరినవారికి తలుపు తెరిచి ఉంది. వ్యసనాన్ని మధుమేహం, రక్తపోటు వంటి జబ్బుల జాబితాలో చేర్చి వాటి డబ్బునే దీనికీ వాడడం, చూడటానికి కాగితాల పనిలా ఉన్నా, ఆ రాష్ట్రం తీసుకున్న నిర్ణయాలన్నిటిలోనూ ముఖ్యమైనది.

మెడికెయిడ్‌కూ గుడ్డి మచ్చలు ఉన్నాయి. 1965లో పుట్టినప్పుడే అందులో రెండు గోడలు కట్టారు. 16కి మించి పడకలున్న మానసిక, వ్యసన చికిత్సాలయాల్లో ఉన్న పెద్దవారికి చెల్లించకూడదు. జైలులో ఉన్నవారికి చెల్లించకూడదు. మొదటి గోడకు 2015 నుంచి ప్రత్యేక మినహాయింపులతో కిటికీలు పెట్టారు. రెండో గోడ మరీ ప్రాణాంతకం. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారిని గమనించిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వారు ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మామూలు జనం కన్నా 129 రెట్లు ఎక్కువని అది తేల్చింది. జైల్లో ఉన్నన్నాళ్లు మత్తుమందు దొరక్క శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికి రాగానే పాత మోతాదు తీసుకుంటే అదే చివరిది అవుతుంది.

రోడ్ ఐలాండ్ ఆ గోడ కూలేదాకా ఆగలేదు. 2016లో తన సొంత ఖజానా నుంచి 20 లక్షల డాలర్లు తీసి, రాష్ట్ర జైళ్లలో ఉన్నవారికి మెథడోన్, బ్యూప్రినార్ఫిన్, ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ మూడింటినీ అందుబాటులో ఉంచింది. విడుదలయ్యాక అదే చికిత్స బయట కొనసాగేలా చూసింది. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయినవారిలో కొత్తగా విడుదలైనవారు 26 మంది. 2017 మొదటి ఆరు నెలల్లో తొమ్మిది మంది. పెద్ద రాష్ట్రాల వ్యసన నిధుల్లో 20 లక్షల డాలర్లు ఒక అంకె గుండ్రం చేస్తే మాయమయ్యే మొత్తం. అంత తక్కువ డబ్బుకు అంత ఫలితం ఇచ్చిన పని ఈ రంగంలో మరొకటి చూపించడం కష్టం. విడుదలకు ముందు 90 రోజుల దాకా ఖైదీల చికిత్సకు మెడికెయిడ్ డబ్బు వాడుకునే అనుమతి 2023 జనవరిలో మొదట కాలిఫోర్నియాకు దక్కింది. రోడ్ ఐలాండ్ దారి చూపి అప్పటికి ఆరేళ్లు దాటింది.

పరిహారం సొమ్ము

మూడో ప్రవాహం కోర్టుల నుంచి వస్తోంది. వేలాది నగరాలు, కౌంటీలు, రాష్ట్రాలు మందుల కంపెనీల మీద వేసిన దావాలు క్లీవ్‌లాండ్‌లోని ఫెడరల్ కోర్టులో ఒక్కచోట చేరాయి. 2021 జులైలో మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్జెన్ అనే మూడు పంపిణీ సంస్థలు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చాయి. పంపిణీ సంస్థల వాటా 18 ఏళ్లలో వస్తుంది. తరువాత సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ వంటి దుకాణాల గొలుసులు, ఇతర తయారీదారులు చేరారు. మొత్తం 5,000 కోట్ల డాలర్లు దాటింది. పర్డ్యూ, దాని యజమానులైన సాక్లర్ కుటుంబానికి చెందిన పాత ఒప్పందాన్ని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టివేసింది. 740 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందానికి 2025 నవంబరులో దివాలా కోర్టు ఆమోదం లభించింది.

ఈ డబ్బు చుట్టూ ఒక పాత గాయం జ్ఞాపకం ఉంది. 1998లో పొగాకు కంపెనీలు 46 రాష్ట్రాలకు 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. అందులో పొగతాగడం మాన్పించే పనులకు వెళ్లింది చాలా చిన్న భాగం. మిగిలింది బడ్జెట్ లోటులు పూడ్చడానికి, రోడ్లకు, ఇతర అవసరాలకు పోయింది. కొన్ని రాష్ట్రాలు రాబోయే వాయిదాలను ముందే బాండ్లుగా అమ్ముకున్నాయి. ఆ తప్పు మళ్లీ జరగకూడదని ఓపియాయిడ్ ఒప్పందంలో కనీసం 85 శాతం సంక్షోభ నివారణకే వాడాలని రాశారు. ఏయే పనులు నివారణ కిందికి వస్తాయో పొడవైన జాబితా జతచేశారు.

జాబితా విశాలమైనది. చికిత్స ఉంది, నలోక్సోన్ ఉంది, పోలీసు శిక్షణ కూడా ఉంది. పోలీసు వాహనాలకు, పరికరాలకు ఈ సొమ్ము వాడిన కౌంటీలు ఉన్నాయి. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కౌంటీ సమావేశాలకు వచ్చి, ఇది మా బిడ్డల ప్రాణాలకు కట్టిన వెల, దీన్ని ఇలా వాడతారా అని నిలదీశారు. వారి కోపం న్యాయమైనది. అంతకన్నా కనబడని ప్రమాదం మరొకటి ఉంది. పరిహారం వస్తోంది కదా అని అంతకుముందు సొంత బడ్జెట్ నుంచి ఇచ్చే డబ్బును వెనక్కి తీసుకోవడం. చికిత్స కేంద్రానికి నిరుడు పది రూకలు ఖజానా నుంచి వచ్చేవి, ఈ ఏడు అవే పది పరిహారం నుంచి వచ్చాయి అనుకుంటే, లెక్కల్లో కొత్త డబ్బు ఖర్చయినట్టు కనబడుతుంది, రోగికి కొత్తగా అందింది సున్నా. దీన్ని నిషేధించే నిబంధన జాతీయ ఒప్పందాల్లో స్పష్టంగా లేదు. అడ్డుకోవాలంటే రాష్ట్రమే చట్టం చేసుకోవాలి.

ఎవరి చేతికి అన్న ప్రశ్నకు రాష్ట్రాలు రకరకాల జవాబులు ఇచ్చాయి. నార్త్ కరోలైనాలో 85 శాతం నేరుగా కౌంటీలు, నగరాలకు వెళుతుంది, 15 శాతం రాష్ట్రం వద్ద ఉంటుంది. ఎక్కడ ఎంత ఖర్చయిందో ప్రజలు చూడగలిగే ఏర్పాటు చేశారు. వెస్ట్ వర్జీనియా 72.5 శాతాన్ని విడిగా ఏర్పాటు చేసిన ఒక సంస్థకు అప్పగించి, స్థానిక ప్రభుత్వాలకు 24.5 శాతం ఇచ్చింది. కౌంటీకి ఇస్తే స్థానిక అవసరం తెలిసినవారి చేతికి చేరుతుంది, కానీ పాతిక వేల జనాభా కౌంటీకి వచ్చే ముక్కతో చికిత్స కేంద్రం నిలబడదు. కేంద్రీకరిస్తే పెద్ద పని చేయవచ్చు, కానీ సొమ్ము కదలడానికి ఏళ్లు పడుతుంది. పక్కపక్క కౌంటీలు తమ వాటాలు కలిపి ఒకే కేంద్రం నడుపుకునేలా రాష్ట్రం ప్రోత్సాహం ఇవ్వడం ఈ రెంటికన్నా మేలు.

డబ్బు ఆలస్యమైతే మంచి ఆలోచన కూడా ఎలా చెడుతుందో ఒరెగాన్ చూపించింది. 2020 నవంబరులో అక్కడి ఓటర్లు 110వ ప్రతిపాదనను ఆమోదించారు. తక్కువ మొత్తంలో మత్తుమందు కలిగి ఉండడం నేరం కాకుండా పోయింది, గంజాయి పన్ను ఆదాయం చికిత్స సేవలకు మళ్లింది. శిక్ష తొలగింపు 2021 ఫిబ్రవరిలోనే అమల్లోకి వచ్చింది. మొదటి రెండేళ్లకు కేటాయించిన 30 కోట్ల డాలర్లలో సింహభాగం సేవా సంస్థలకు చేరడానికి 2022 ద్వితీయార్ధం దాకా పట్టింది. పోలీసు వెళ్లిపోయాడు, నర్సు ఇంకా రాలేదు. ఆ ఖాళీ సమయంలోనే పడమటి తీరానికి ఫెంటనిల్ చేరింది. ప్రజల ఓపిక నశించి, 2024 సెప్టెంబరు 1 నుంచి కలిగి ఉండడం మళ్లీ నేరమైంది. ఆ ప్రతిపాదన విఫలమైందని చెప్పేవారు చికిత్స భాగం సమయానికి అందిందా అన్నది కూడా చూడాలి.

డబ్బు సమయానికి అంది, నిపుణులు పక్కనే ఉన్నా ఫలితం రాని సందర్భమూ ఉంది. జాతీయ ఆరోగ్య సంస్థలు 2019లో కెంటకీ, మసాచుసెట్స్, న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లోని 67 ప్రాంతాలను ఎంచుకుని దాదాపు 35 కోట్ల డాలర్లతో పెద్ద అధ్యయనం చేశాయి. రుజువైన పద్ధతులన్నీ ఒకేసారి అమలు చేస్తే మరణాలు బాగా తగ్గుతాయని ఆశించారు. 2024లో ఫలితాలు వచ్చాయి. మరణాల రేటులో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ ఫలితాన్ని దాచిపెట్టి వ్యసన నిధులను సమర్థించడం నిజాయితీ కాదు. కొవిడ్ మధ్యలో అడ్డుపడింది. లెక్కించిన గడువులోగా చాలా పథకాలు పూర్తిగా మొదలుకాలేదు. ఈలోగా వీధిలో మత్తుమందు మారిపోయింది. ఆ అధ్యయనం చెప్పేది, రెండేళ్లలో లెక్క చూపించమని అడిగే డబ్బుకు ఈ జబ్బు లొంగదని.

తగ్గిన మరణాలు, కదులుతున్న నేల

2023 నడిమి నుంచి ఓవర్‌డోస్ మరణాలు తగ్గడం మొదలైంది. 2024లో అవి దాదాపు 80 వేలకు దిగాయి. ఒకే ఏడాదిలో పాతిక శాతానికి పైగా తగ్గుదల, ఇంతకుముందెన్నడూ లేనిది. నలోక్సోన్ విస్తృతంగా చేరడం, బ్యూప్రినార్ఫిన్ రాయడానికి వైద్యులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేకుండా 2022 డిసెంబరులో చట్టం మారడం, వీధి ఫెంటనిల్ బలం తగ్గడం, అత్యంత ముప్పులో ఉన్న చాలామంది అప్పటికే చనిపోవడం వంటి కారణాలు చెబుతున్నారు. ఏ కారణం వాటా ఎంతో తేలలేదు. ఆ చివరి కారణం చదివినప్పుడు సంతోషం సగం చచ్చిపోతుంది. తగ్గుదల అందరికీ సమానంగా కూడా అందలేదు. శ్వేతజాతీయుల్లో మరణాలు ముందుగా తగ్గాయి, నల్లజాతీయుల్లో, ఆదివాసుల్లో ఆలస్యంగా.

అంకెలు దిగగానే నిధులకు కోత మొదలయ్యే సూచనలు కనబడ్డాయి. 2025 మార్చిలో ఫెడరల్ ఆరోగ్య శాఖ కొవిడ్ కాలంలో ఇచ్చిన 1,140 కోట్ల డాలర్ల గ్రాంట్లను ఒక్కసారిగా రద్దు చేసింది. అందులో మానసిక ఆరోగ్యం, వ్యసన చికిత్సకు ఉద్దేశించినవి దాదాపు 100 కోట్ల డాలర్లు. 23 రాష్ట్రాలు, వాషింగ్టన్ డి.సి. కోర్టుకు వెళ్లాయి, రోడ్ ఐలాండ్ ఫెడరల్ న్యాయమూర్తి ఆ రద్దును నిలిపివేశారు. రద్దు ఉత్తర్వుకు, కోర్టు ఆదేశానికి నడుమ గడిచిన రోజుల్లో కొన్ని సంస్థలు సిబ్బందిని ఇంటికి పంపాయి. కోర్టు డబ్బును తిరిగి తేగలదు. వేరే ఉద్యోగంలో చేరిపోయిన సలహాదారును, ఆమె కోసమే వచ్చే పాతిక మంది రోగులను తేలేదు.

అంతకన్నా లోతైన మార్పు 2025 జులై 4న సంతకమైన చట్టంలో ఉంది. విస్తరణ కింద మెడికెయిడ్ పొందుతున్న పెద్దవారు 2027 జనవరి 1కల్లా నెలకు 80 గంటలు పని, చదువు లేదా సేవ చేస్తున్నట్టు చూపించాలి. వ్యసనం ఉన్నవారికి మినహాయింపు ఉంది. కానీ మినహాయింపు తనంతట తాను వచ్చి తలుపు తట్టదు. 2018లో ఆర్కాన్సాస్ ఇలాంటి నిబంధన పెట్టినప్పుడు కొద్ది నెలల్లోనే దాదాపు 18 వేల మంది బీమా కోల్పోయారు. వారిలో చాలామంది నిబంధనకు సరిపడా పని చేస్తున్నవారో, మినహాయింపుకు అర్హులో. నివేదించే పద్ధతి తెలియకో, ఆన్‌లైన్ ఫారం చేతకాకో పోగొట్టుకున్నారు. బీమా పోతే బ్యూప్రినార్ఫిన్ ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లో, మందు ఆగినందువల్ల వచ్చే బాధ మొదలవుతుంది. మందు ఆగాక తట్టుకునే శక్తి తగ్గే శరీరం, జైలు నుంచి విడుదలైన మనిషి శరీరం లాగే, పాత మోతాదుకు తాళలేదు.

తమ దగ్గర ఉన్న సమాచారంతోనే వీలైనంతవరకు అర్హత నిర్ధారించుకోవాలని కూడా ఆ చట్టం రాష్ట్రాలకు చెబుతోంది. ఇది పట్టుకోదగ్గ కొమ్మ. ఒక వ్యక్తి బ్యూప్రినార్ఫిన్ బిల్లు నెలనెలా చెల్లిస్తున్న రాష్ట్రానికి అతను చికిత్సలో ఉన్నాడని ఇప్పటికే తెలుసు. అతన్ని ఫారం నింపమని అడగనక్కర్లేదు. బిల్లుల సమాచారం చూసి మినహాయింపును తనంతట తానే నమోదు చేసే ఏర్పాటు చేసుకుంటే చాలు. దానికి సాఫ్ట్‌వేర్, సిబ్బంది కావాలి. అన్ని రాష్ట్రాలకూ కలిపి చట్టం ఈ అమలు పనికి ఇచ్చింది 20 కోట్ల డాలర్లు. పరిహార నిధిలో కొంత భాగాన్ని ఈ ఏర్పాటుకు పెట్టిన రాష్ట్రం, వచ్చే దశాబ్దం పాటు తన చికిత్స కేంద్రాలకు వచ్చే మెడికెయిడ్ చెల్లింపులను కాపాడుకున్నట్టే.

చికిత్సలో ఇంకా చేరనివారి సంగతి వేరు. 2022లో ఓపియాయిడ్ వ్యసనం ఉన్న పెద్దవారిలో దాదాపు నాలుగో వంతు మందికే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ వంటి మందులు అందాయి. మిగిలినవారి పేరు ఏ చికిత్స బిల్లులోనూ ఉండదు, కాబట్టి ఏ సమాచార వ్యవస్థా వారిని గుర్తుపట్టదు. నిన్న రాత్రి అంబులెన్సులో నలోక్సోన్‌తో శ్వాస అందుకుని, తెల్లవారకముందే ఆసుపత్రి నుంచి వెళ్లిపోయిన మనిషి వారిలో ఒకరు. ఆ మనిషి చిరునామా తెలిసినవారు, ఆ గుమ్మం దగ్గర నిలబడి మినహాయింపు కాగితం కూడా నింపిపెట్టగలిగినవారు, హంటింగ్టన్ లాంటి ఊళ్లలో మూడు రోజుల్లోపే తలుపు తట్టే ఆ ముగ్గురే. వారు చేసే ఆ పనికి బీమాకు పంపదగిన బిల్లు సాధారణంగా ఉండదు.